ఏ ప్రశ్నకు ఏ పరీక్ష

పరికల్పన పరీక్ష చేసే పని ఒకటే. అంకెల్లో కనిపిస్తున్న తేడా నిజమైనదా, లేక కాకతాళీయంగా కూడా అంత తేడా రాగలదా అన్నది లెక్క కట్టి చూపడం. ఇందుకోసం గణాంక శాస్త్రం "తేడా ఏమీ లేదు" అనే ఊహతో మొదలుపెడుతుంది. దాన్ని శూన్య పరికల్పన అంటారు. ఆ ఊహే నిజమైతే, చేతికందిన ఫలితం గానీ అంతకన్నా విపరీతమైనది గానీ రావడానికి ఉన్న సంభావ్యతే పి-విలువ. అది బాగా చిన్నదైతే శూన్య పరికల్పనను పక్కన పెడతారు. ఇంతవరకు అన్ని పరీక్షలదీ ఒకే దారి. ఆ సంభావ్యతను లెక్కించే పద్ధతి దగ్గరే అవి విడిపోతాయి. ఆ పద్ధతి ప్రయోగం జరిగిన తీరును బట్టి ఉండాలి. టి-పరీక్షా, కై-స్క్వేరా, అనోవానా అన్న సందేహం సాధారణంగా కంప్యూటర్ ముందు కూర్చున్నాకే వస్తుంది. నిజానికి సమాచారాన్ని సేకరించిన రోజునే దానికి జవాబు చాలావరకు తేలిపోయి ఉంటుంది.

రోనాల్డ్ ఫిషర్ 1935లో వెలువరించిన 'ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్' పుస్తకంలో దీన్ని టీ కప్పులతో వివరించాడు. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అంటుంది. ఎనిమిది కప్పులు తయారుచేస్తారు. నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు పోసి, వరస కలగాపులగం చేసి ఆమెకిస్తారు. నాలుగేసి ఉన్నాయని ఆమెకు తెలుసు. పాలు ముందు పోసిన నాలుగింటినీ ఏరి చూపాలి. ఎనిమిదింట్లో నాలుగింటిని 70 రకాలుగా ఎంచుకోవచ్చు. కాబట్టి రుచి ఏమీ తెలియకపోయినా అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1, అంటే 1.4 శాతం. నాలుగింట్లో మూడే సరిగ్గా దొరికితే? అలా జరగడానికి 16 మార్గాలున్నాయి. అన్నీ సరైన మార్గాన్ని కలిపితే 70లో 17, అంటే సుమారు 24 శాతం. అదృష్టం కొద్దీ అంతమాత్రం ఎవరైనా చెప్పగలరు. కప్పులు ఆరే అయితే మొత్తం మార్గాలు 20. అప్పుడు ఒక్కటీ తప్పకుండా చెప్పినా 5 శాతం దగ్గరే ఆగిపోతుంది.

ఈ లెక్కలేవీ పట్టికల్లోంచి రాలేదు, కప్పులను అమర్చిన తీరులోంచి వచ్చాయి. నాలుగు-నాలుగు అన్న నియమం లేకుండా ప్రతి కప్పుకీ బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించి ఉంటే మార్గాలు 70 కాదు, 256 అయ్యేవి. అవే కప్పులు, అదే నాలుక, కానీ పరీక్ష వేరు. ఆ మహిళ నెగ్గిందో లేదో మాత్రం ఫిషర్ తన పుస్తకంలో రాయలేదు. ఆయన చెప్పదలచుకున్నదానికి ఫలితంతో పని లేదు.

పి-విలువ 5 శాతం కన్నా తక్కువైతే తేడాను లెక్కలోకి తీసుకోవాలన్న ఆనవాయితీ కూడా ఫిషర్ 1925లో రాసిన పాఠ్యపుస్తకం ద్వారానే పాకింది. అది వాడుకకు అనువైన గీత మాత్రమే, ప్రకృతి నియమం కాదు.

పరీక్షను ఎంచుకోవడంలో మొదటి మెట్టు ప్రశ్నను విడమరచడం. "ఈ మందు పనిచేస్తుందా?" అన్న వాక్యానికి సరిపోయే పరీక్ష ఏదీ లేదు. ఎవరికి ఇచ్చారు, ఇవ్వని వారు ఎవరు, చివరికి కొలిచింది ఏమిటి అన్న మూడూ తేలాలి. మూడోది అన్నిటికన్నా ముందు తేలాలి. కొలిచినది అవును-కాదు లాంటి వర్గమా, 'బాగుంది, పర్వాలేదు, బాగాలేదు' లాంటి వరసక్రమమా, రక్తపోటు, దిగుబడి, నిద్ర గంటల లాంటి పరిమాణమా అన్నదాన్ని బట్టి దారి మూడుగా చీలుతుంది.

వర్గాల దారికి అమెరికాలో 1980లలో డాక్టర్ల మీదే జరిగిన ఆస్పిరిన్ అధ్యయనం మంచి ఉదాహరణ. 22,071 మంది పురుష వైద్యులను చీటీ వేసినట్టు రెండు గ్రూపులు చేశారు. 11,037 మందికి ఆస్పిరిన్, 11,034 మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. కొన్నేళ్ల తర్వాత చూస్తే మొదటి గ్రూపులో 104 మందికి, రెండో గ్రూపులో 189 మందికి గుండెపోటు వచ్చింది. మొత్తం 293. ఆస్పిరిన్ వల్ల ప్రయోజనమేమీ లేకపోతే ఈ 293 రెండు గ్రూపులకూ సమంగా, తలా 146 లేదా 147 చొప్పున పడాలి. ఉండాల్సిన సంఖ్యకూ ఉన్న సంఖ్యకూ మధ్య తేడాను దానితోనే గుణించి, ఉండాల్సిన సంఖ్యతో భాగించి, పట్టికలోని నాలుగు గళ్లకూ కలిపితే సుమారు 25 వస్తుంది. ఇదే 1900లో కార్ల్ పియర్సన్ రూపొందించిన కై-స్క్వేర్. ఇలాంటి పట్టికలో 3.84 దాటితేనే 5 శాతం గీత దాటినట్టు. 25 అంటే కాకతాళీయమన్న మాటకు దాదాపు చోటు లేనట్టే. అయితే ఒక గడిలో ఉండాల్సిన సంఖ్య అయిదుకన్నా తగ్గితే ఈ ఉజ్జాయింపు లెక్కను నమ్మడం కష్టం. అప్పుడు టీ కప్పుల్లాగే మార్గాలన్నీ లెక్కపెట్టే ఫిషర్ ఖచ్చిత పరీక్ష కావాలి.

వరసక్రమంలో ఉన్న సమాచారాన్ని పరిశోధనల్లో ఎక్కువగా పాడుచేస్తుంటారు. సర్వేలో 'పూర్తిగా అంగీకరిస్తాను' కు 5, 'అసలు అంగీకరించను' కు 1 వేసి సగటు తీయడం మామూలైపోయింది. కానీ 1 నుంచి 2కి ఉన్న దూరం, 4 నుంచి 5కి ఉన్న దూరం ఒకటేనని ఎవరూ కొలవలేదు. ఇలాంటి చోట అంకెల విలువను వదిలేసి ర్యాంకును మాత్రమే వాడే పరీక్షలు నమ్మదగినవి. 1945లో ఫ్రాంక్ విల్కాక్సన్ అనే రసాయన శాస్త్రవేత్త వీటిలో కొన్నిటిని ప్రతిపాదించాడు. రెండేళ్లకు మాన్, విట్నీ రెండు గ్రూపుల పరీక్షను విస్తరించారు.

పరిమాణాల సంగతికి వస్తే, రెండు గ్రూపుల సగటులను పోల్చడానికి టి-పరీక్ష ఉంది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ దీన్ని కనిపెట్టాడు. ఉద్యోగులు సొంత పేరుతో వ్యాసాలు ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో 1908లో 'స్టూడెంట్' అనే కలం పేరుతో రాశాడు. ఆ వ్యాసంలో ఆయన ఉదాహరణగా తీసుకున్న అంకెలు ఈనాటికీ తరగతి గదుల్లో తిరుగుతూనే ఉన్నాయి. 1905లో కుష్నీ, పీబుల్స్ ప్రచురించిన నిద్రమందుల ప్రయోగం అది. పది మంది రోగులకు ఒక్కొక్కరికీ రెండు మందులూ వేర్వేరుగా ఇచ్చి, మందు లేనప్పటికన్నా ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో రాసుకున్నారు. మొదటి మందుతో సగటున 0.75 గంటలు, రెండో మందుతో 2.33 గంటలు పెరిగింది. తేడా 1.58 గంటలు.

ఈ ఇరవై అంకెలను రెండు వేర్వేరు గ్రూపులుగా భావించి టి-పరీక్ష చేస్తే టి విలువ 1.86, పి-విలువ 0.079 వస్తాయి. గీత దాటలేదు కాబట్టి తేడా రుజువు కాలేదనే చెప్పాలి. అదే ఒక్కో రోగి విషయంలో రెండు మందుల మధ్య తేడా తీసి, ఆ పది తేడాలపై జతల టి-పరీక్ష చేస్తే టి విలువ 4.06, పి-విలువ 0.003 లోపు. అంకె ఒక్కటీ మారలేదు, తీర్పు మాత్రం తిరగబడింది.

కారణం రోగుల్లో ఉంది. ఒక రోగికి ఏ మందు ఇచ్చినా నిద్ర బాగా పెరిగింది: ఒకదానితో 3.7 గంటలు, ఇంకోదానితో 5.5. మరొకరికి రెండింటితోనూ ఏమీ పెరగలేదు సరికదా, కాసింత తగ్గింది. వేర్వేరు గ్రూపులుగా చూసినప్పుడు మనిషికీ మనిషికీ ఉన్న ఈ పెద్ద తేడాలు మందుల మధ్య ఉన్న తేడాను మింగేస్తాయి. ఎవరితో వారినే పోల్చినప్పుడు అవి లెక్కలోంచి తప్పుకుంటాయి. పది మందిలో తొమ్మిది మందికి రెండో మందే ఎక్కువ నిద్రనిచ్చింది, ఒకరికి రెండూ సమానం. ఈ ఒక్క వాస్తవంతోనే తీర్పు చెప్పవచ్చు. రెండు మందులూ ఒకటే అయితే తొమ్మిదికి తొమ్మిదీ ఒకే వైపు మొగ్గే అవకాశం, ఎటు మొగ్గినా సరే అనుకున్నా, 512లో 2. సంకేత పరీక్ష అనే ఈ సాదాసీదా లెక్కకు సగటులతో, అంకెలు పరచుకున్న తీరుతో పనే లేదు.

జత అంటే ఒకే మనిషిని రెండుసార్లు కొలవడమే కానక్కర్లేదు. కవలలు కావచ్చు, ఒకే మనిషి రెండు కళ్లు కావచ్చు, ఒకే పొలంలో పక్కపక్క మడులు కావచ్చు. కొలిచింది అవును-కాదు అయితే జతలకు మెక్‌నెమార్ 1947లో ఇచ్చిన పరీక్ష ఉంది. ఉదాహరణకు, ఒక శిక్షణకు ముందూ తర్వాతా ఒకే జవాబు చెప్పినవారిని అది పక్కన పెట్టేసి, మాట మార్చినవారిని మాత్రమే లెక్కిస్తుంది. ఎందరు కాదు నుంచి అవునుకు వచ్చారు, ఎందరు అవును నుంచి కాదుకు వెళ్లారు అన్నదే దానికి కావాలి.

గ్రూపులు మూడో, అంతకన్నా ఎక్కువో అయితే రెండేసి చొప్పున టి-పరీక్షలు చేసుకుంటూ పోవడం ప్రమాదం. అయిదు ఎరువులను పోల్చాలంటే పది జతలవుతాయి. ఒక్కో పరీక్షలో పొరపాటుకు 5 శాతం చోటిస్తే, పదింట్లో కనీసం ఒకటైనా లేని తేడాను చూపే అవకాశం 40 శాతం దాకా పోతుంది. ఇంగ్లండ్‌లోని రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఫిషర్‌కు ఈ చిక్కు రోజూ ఎదురయ్యేదే. అక్కడ 1843 నుంచి సాగుతున్న ఎరువుల ప్రయోగాల లెక్కలు గుట్టలుగా పడి ఉండేవి. ఆ పనిలోంచే విస్తృతి విశ్లేషణ, అంటే అనోవా పుట్టింది. గ్రూపుల సగటుల మధ్య ఉన్న చెదురు, ఒక్కో గ్రూపు లోపల ఉన్న చెదురుకన్నా ఎన్ని రెట్లు ఎక్కువో అది చూస్తుంది. ఎక్కడో తేడా ఉందని మాత్రమే చెబుతుంది. ఏ ఎరువుకూ ఏ ఎరువుకూ మధ్య అన్నది ట్యూకీ పద్ధతి లాంటి తదుపరి పోలికలతో తేల్చుకోవాలి. ర్యాంకుల ప్రపంచంలో దీనికి సాటి 1952 నాటి క్రస్కల్-వాలిస్ పరీక్ష. ఒకే వ్యక్తులను మూడు నాలుగు సార్లు కొలిచినప్పుడు వాడే ఫ్రీడ్‌మన్ పరీక్షను 1937లో రాసినవాడు మిల్టన్ ఫ్రీడ్‌మన్. 1976లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆ ఫ్రీడ్‌మనే ఇతను.

ప్రతి పరీక్షకూ కొన్ని షరతులుంటాయి. వాటిలో పరిశోధక విద్యార్థులను ఎక్కువగా కంగారు పెట్టేది నార్మల్ విభాజనం, అంటే గంట ఆకారంలో పరచుకునే అంకెల షరతు. నిజానికి అన్నిటికన్నా తక్కువ హాని చేసేది అదే. శాంపిల్ ఓ మాదిరి పెద్దదై, మరీ విపరీతమైన అంకెలు లేకపోతే టి-పరీక్ష ఆ లోపాన్ని తట్టుకుంటుంది. షపిరో-విల్క్ లాంటి పరీక్షతో ముందు నార్మల్‌గా ఉందో లేదో తేల్చుకుని అప్పుడు అసలు పరీక్షను ఎంచుకోవాలన్న సలహా పాఠ్యపుస్తకాల్లో బాగా కనిపిస్తుంది కానీ, దాని ఉపయోగం అంతంతమాత్రం. శాంపిల్ చిన్నదైనప్పుడు ఆ పరీక్ష వంకరను పట్టుకోలేదు. పెద్దదైనప్పుడు పట్టించుకోనక్కర్లేని వంకరను కూడా ఎత్తిచూపుతుంది. అంకెలను ఒక బొమ్మగా గీసి కళ్లతో చూడటం మేలు. రెండు గ్రూపుల చెదురు సమానంగా ఉండాలన్న షరతుకు మందు ఇంకా సులువు: వెల్చ్ సవరించిన టి-పరీక్షను మొదటినుంచీ వాడటమే.

అసలు ప్రమాదం స్వతంత్రతలో ఉంది. నాలుగు బడుల నుంచి యాభై మంది చొప్పున రెండు వందల మంది పిల్లలను తీసుకుని, రెండు బడుల్లో కొత్త బోధన, రెండింట్లో పాత బోధన పెట్టారనుకుందాం. మార్కుల పట్టికలో రెండు వందల వరసలు కనిపిస్తాయి. కానీ ఒకే బడి పిల్లలకు ఉపాధ్యాయుడు ఒకరే, ఊరు ఒకటే. బోధన మారింది బడి స్థాయిలో కాబట్టి ఇక్కడ నిజమైన శాంపిల్ రెండు వందలకు చాలా దూరంగా, నాలుగుకు దగ్గరగా ఉంటుంది. మామూలు టి-పరీక్షకు ఇది తెలియదు. అది ఎంతో ధీమాగా తప్పుడు జవాబు చెబుతుంది. గ్రామాలవారీగా, ఆసుపత్రులవారీగా చేసే అధ్యయనాలన్నిటికీ ఈ గండం ఉంది. ఆ గుంపులను కూడా లెక్కలో చేర్చే బహుళస్థాయి నమూనాలు ఇక్కడ తప్పనిసరి.

కొన్ని ప్రశ్నలు గ్రూపుల మధ్య తేడా గురించి కాదు, రెండు చలరాశుల మధ్య సంబంధం గురించి. అది సరళరేఖలో ఉంటే పియర్సన్ సహసంబంధం, కలిసి పెరగడం తగ్గడం మాత్రమే కావాలంటే 1904 నాటి స్పియర్‌మన్ ర్యాంకు సహసంబంధం. మరికొన్ని కారణాలనూ లెక్కలోకి తీసుకోవాలంటే రిగ్రెషన్. ఫలితం అవును-కాదు అయితే లాజిస్టిక్ రిగ్రెషన్. టి-పరీక్ష, అనోవా కూడా రిగ్రెషన్‌లో ప్రత్యేక సందర్భాలే కాబట్టి, ఇది అర్థమైతే పరీక్షల పేర్లు బట్టీ పట్టే భారం చాలా తగ్గుతుంది. నమూనాలోని ఒక అంశం నిజంగా అవసరమా అని పరీక్షించడానికి మూడు ప్రసిద్ధ మార్గాలున్నాయి: లైక్లీహుడ్ నిష్పత్తి పరీక్ష, వాల్డ్ పరీక్ష, స్కోర్ పరీక్ష. 1948లో ఈ మూడో దాన్ని ఇచ్చినవారు సి.ఆర్.రావు. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త.

ఇతర కారణాలను ఎందుకు చేర్చాలో 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రవేశాలు చూపాయి. పీజీ కోర్సులకు దరఖాస్తు చేసిన పురుషుల్లో సుమారు 44 శాతం మందికి, స్త్రీలలో 35 శాతం మందికి సీట్లు వచ్చాయి. వేలాది దరఖాస్తులు కాబట్టి కై-స్క్వేర్ పరీక్ష తేడా నిస్సందేహంగా ఉందంటుంది. అయితే విభాగాలవారీగా విడదీసి చూస్తే స్త్రీలపై వివక్ష దాదాపు కనిపించలేదు, ఆ లెక్కలో మొగ్గు కాస్త వారివైపే ఉంది. సీటు దొరకడం కష్టమైన విభాగాలకే స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. పరీక్షలో తప్పు లేదు, దానికి అందించిన ప్రశ్నలోనే విభాగం అన్న మాట లేదు.

ఎంత మందిని తీసుకోవాలన్నది కూడా పరీక్షను బట్టే ఉంటుంది. రెండు గ్రూపుల సగటుల మధ్య తేడా ప్రామాణిక విచలనంలో, అంటే అంకెల చెదురుకు కొలతలో, సగం ఉంటుందని అంచనా ఉంటే, 80 శాతం అవకాశంతో దాన్ని పట్టుకోవడానికి టి-పరీక్షకు గ్రూపుకు 64 మంది కావాలి. తేడా ప్రామాణిక విచలనంలో అయిదో వంతే అయితే గ్రూపుకు 390కి పైనే. ముప్పై మందితో చేసిన అధ్యయనంలో తేడా దొరకలేదంటే తేడా లేదని కాదు. పెద్ద శాంపిల్‌లో దొరికిందంటే అది పట్టించుకోదగినంత పెద్దదనీ కాదు. పి-విలువ పరికల్పన నిజమయ్యే సంభావ్యతను చెప్పదనీ, ప్రభావం పరిమాణాన్ని కొలవదనీ అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటనే విడుదల చేయాల్సి వచ్చింది. తేడా ఎటువైపైనా ఉండవచ్చని చూసే రెండువైపుల పరీక్ష చేస్తారా, ఒకవైపే చూస్తారా అన్నదీ అంకెలు చూడకముందే రాసిపెట్టుకోవాల్సిన సంగతి. రెండువైపుల పి-విలువ 0.08 వచ్చాక ఒకవైపుకు మారి 0.04 అని రాయడం పరీక్ష కాదు, బేరం.

చివరగా, ప్రశ్నే తలకిందులుగా ఉండే సందర్భం ఒకటుంది: తేడా ఉందని కాదు, లేదని చూపాల్సి రావడం. హైదరాబాద్ మందుల కంపెనీలకు ఇది నిత్యవ్యవహారం. పేటెంటు గడువు తీరిన మందుకు జెనరిక్ తయారుచేసే కంపెనీ, తన మాత్ర కూడా అసలు మాత్రలాగే రక్తంలోకి చేరుతుందని రుజువు చేయాలి. మామూలు టి-పరీక్ష చేసి తేడా కనబడలేదని చెబితే చెల్లదు. అలా చెల్లితే ఎంత తక్కువ మందిపై ప్రయోగం చేస్తే కంపెనీకి అంత లాభం, ఎందుకంటే చిన్న శాంపిల్‌లో ఏ తేడా అయినా దాక్కుంటుంది. అందుకని ఇక్కడ శూన్య పరికల్పననే తిరగేస్తారు. రెండు మందులూ సమానం కావన్న ఊహతో మొదలుపెట్టి, దాన్ని కొట్టిపారేసే భారం కంపెనీ మీద పెడతారు. మామూలుగా ఒక్కో వాలంటీరుకూ రెండు మాత్రలూ కొన్ని రోజుల ఎడంతో ఇస్తారు, ఏది ముందో చీటీతో తేలుస్తారు. గాసెట్ నిద్రమందుల్లాగే ఇవీ జతలు. రక్తంలోకి చేరిన మొత్తానికీ, అందుకున్న గరిష్ఠ స్థాయికీ సంవర్గమానాలు తీసుకుని రెండు మందుల నిష్పత్తిని అంచనా వేస్తారు. 80 శాతానికి దిగువన లేదని ఒక పరీక్ష, 125 శాతానికి ఎగువన లేదని ఇంకో పరీక్ష. రెండూ నెగ్గాలి. వేరే మాటల్లో, ఆ నిష్పత్తికి వేసిన 90 శాతం విశ్వాస అంతరం, అంటే దాని అసలు విలువకు అంచనా వేసిన పరిధి, పూర్తిగా 80కీ 125కీ మధ్య ఇమడాలి. 80 శాతాన్ని తలకిందులు చేస్తే 125 వస్తుంది కాబట్టి సంవర్గమానాల్లో ఈ రెండు హద్దులూ మధ్య నుంచి సమాన దూరంలోనే ఉంటాయి. ఈ ఏర్పాటులో వాలంటీర్లను తగ్గించిన కంపెనీకి విశ్వాస అంతరం వెడల్పై హద్దు దాటే ప్రమాదం పెరుగుతుంది.